తెరచాపల పందెమును, అభయశాసనమును



తెరచాపపడవల పందెములను గూర్చి తిరుపతివాడు ప్రసంగించుట యేమని మీలో పలువురు నవ్వుకొనుచుందురు. మాది మేఘములను చూచి పంచాంగము విప్పు సీమ. మా స్వర్ణముఖిలో ఇసుక కనబడు దినములే కాని నీరు కనబడు దినములు తక్కువ. అట్టిచోట పుట్టి పెరిగి, బడిలో పద్యములు చెప్పి, విశ్రాంతి పొందిన వృద్ధునకు ఓడలతో పని యేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి ప్రసంగము. నౌకావిహారసంఘము అనగా నేమి, అది ఎట్లు పుట్టినది, మన తెలుగునాటితో దానికి గల సంబంధ మెట్టిది, దాని పందెములలో మనము నేర్చుకొనదగినది ఏది అను విషయములను క్రమముగా మనవి చేసెదను.

ముందుగా ఆ సంఘముల స్వరూపమును తెలిసికొందము. ఒక చెరువు ఒడ్డుననో, ఒక రేవునందో కొందరు కూడి పడవలను ఉంచుకొందురు. గాలి అనుకూలించు నెలలు వారికి ఋతువు. ఆ ఋతువున వారమునకు ఒకటి రెండు దినములు పందెములు నడచును. నీటిపై తేలు పీపాలను గుర్తులుగా నిలిపి, వానిని చుట్టి రావలెనని నియమము చేయుదురు. ఈ పడవలకు తెడ్డును లేదు, యంత్రమును లేదు. ఒక కొయ్య, ఒక తెరచాప, ఒక చుక్కాని, ఒక త్రాడు, ఇంతియే సామగ్రి. ఏ తెరచాపపడవయు గాలికి ఎదురుగా నేరుగా పోజాలదు. కనుక కొంత కుడికి, కొంత ఎడమకు వాలుగా నడుపుచు, తిరుమల కొండబాట మలుపులు తిరిగి పైకి చేరినట్లు, ఎదురుగాలిని మలుపులతో జయింపవలెను. బలము కలవాడు కాక, గాలిజాడ నెరిగినవాడు గెలుచును.

పందెము ముగిసిన పిమ్మట అందరు కూడి భుజించుట, బహుమతులు పంచుట, కొత్తవారిని చేర్చుకొనుట ఉండును. ఇది ఆ ఋతువునకు రెండవ అంగము. ఇక మూడవది పత్రికలలో కనబడదు. గుర్తుల పీపాలను వేకువనే నీటిలో దింపువారెవరు? కాలమును గణించువారెవరు? జెండాలు ఎత్తి దించువారెవరు? పడవ బోర్లపడినచో పరుగున పోయి మనిషిని పైకి తీయుటకు వేరొక పడవలో కాచుకొని యుండువారెవరు? సంఘ సభ్యులే, తమ వంతు వచ్చిన దినమున, తాము పందెము మానుకొని, కూలి యాశింపక ఈ పనులు చేయుదురు. పందెము, విందు, సేవ అను ఈ మూటిలో మూడవదే మొదటిదని నా వాదము. దానికి చరిత్రనుండి సాక్ష్యములు తెత్తును.

ఈ క్రీడకు ఆంగ్లభాషలో ‘యాట్’ అను పేరు గలదు. అది ఆంగ్లపదము కాదు, డచ్చివారి మాట. వేటాడుట, తరుముట అని దాని మూలార్థము. శత్రువుల ఓడలను తరుముటకు వారు కట్టుకొనిన వడిగల చిన్న ఓడకు ఆ పేరు వచ్చినది. ఇంగ్లండు రాజగు రెండవ చార్లెసు ప్రవాసము ముగించి సింహాసన మెక్కిన 1660లో ఆంస్టర్‌డాం నగరమువారు అతనికి అట్టి ఓడ నొకదానిని కానుకగా నిచ్చిరి. మరుసటి సంవత్సరము, అనగా 1661లో, ఆ రాజును అతని తమ్ముడు జేమ్సును థేమ్సు నదిపై గ్రీనిచి నుండి గ్రేవ్సెండు వరకు పోయి వచ్చునట్లు నూరు పౌనుల పందెము కాచిరి. పోవునప్పుడు తమ్ముడు గెలిచెను, వచ్చునప్పుడు అన్న గెలిచెను. 1720లో ఐర్లండు దేశపు కార్కు రేవున తొలి నౌకావిహారసంఘము వెలసినది. రాజుల వినోదము క్రమముగా ధనికుల వినోదమైనది.

ఇప్పుడు మన సీమకు వత్తము. ఆ డచ్చివారే, థేమ్సునదిపై ఆ పందెము జరుగుటకు అర్ధశతాబ్దము ముందే, మన గుమ్మమునకు వచ్చియుండిరి. చంద్రగిరి, వేలూరులనుండి ఏలిన వేంకటపతిరాయల అనుమతి నంది వారు 1610లో పులికాటున వర్తకశాల నెలకొల్పిరి. 1613లో అచ్చట గెల్డ్రియా అను కోట కట్టిరి. తరువాత ఇంగ్లీషువారు 1626లో దుర్గరాజపట్నమున, తమ భాషలో ఆర్మగాన్ అను పేరుతో, ఒక స్థావర మేర్పరచుకొనిరి. అది వారికి కలిసిరాలేదు. 1639లో దామెర్ల వేంకటప్పనాయకుని వలన చెన్నపట్నపు నేల సంపాదించిరి. 1645లో శ్రీరంగరాయలు దానికి మరల కౌలు నిచ్చెను. కాబట్టి మన చంద్రగిరి దుర్గపు రాతిమేడలను కొండలనడుమ ఒదిగిన కట్టడములుగా మాత్రమే చూడరాదు. ఆ మేడలలో కూర్చున్న దొరల చూపు తూర్పున సముద్రముపై నుండెను.

పులికాటు సరస్సునకు ప్రళయకావేరి యని తెలుగున పేరు. ఒడిస్సా చిలక సరస్సు తరువాత భారతదేశమున ఉప్పుకయ్యలలో ఇదియే పెద్దది. దాని విస్తీర్ణమున ఎక్కువభాగము ఆంధ్రదేశముననే యున్నది. 2022 ఏప్రిల్ 4వ తేదీన తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు తడ, సూళ్లూరుపేట ప్రాంతములు ఇందు చేరినవి. ఆ దినముతో కొండలవాడనైన నేనును సముద్రతీరవాసి నైతిని! సరస్సు వైశాల్యము గొప్పది, లోతు కొద్దిది. అందుచేత అచ్చటి పడవలు అడుగు చదునుగా నుండును. గాలి యున్నప్పుడు తెరచాప, లేనప్పుడు గడ. చేపలు పట్టు తావుల విషయమున అచ్చటి పల్లెకారులలో ‘పాడు’ అను కట్టుబాటు తరతరములుగా గలదు. ఎవరెవరు ఏ దినమున ఏ తావున వల వేయవలెనో చీట్లు వేసి వంతులు నిర్ణయించుకొందురు. బలవంతుడు మంచి తావును పట్టుకొని కూర్చుండుటకు వీలులేదు. పందెమునకు ఆరంభరేఖ యెట్టిదో, బ్రతుకునకు ఆ వంతు అట్టిది.

ఆ సరస్సు గుండ పోవు బకింగ్‌హాము కాలువయు మన కథలోనిదే. ఉత్తరమున కాకినాడ వైపునుండి దక్షిణమున చెన్నపట్నము దాటి పోవు ఈ జలమార్గము పందొమ్మిదవ శతాబ్దమున అంచెలంచెలుగా త్రవ్వబడినది. ధాతు సంవత్సరపు మహాక్షామమున, అనగా 1876 నుండి 1878 వరకు, కూడులేని జనులకు కూలి చూపుటకై చెన్నపట్నపు భాగమును త్రవ్వించిరి. నాటి గవర్నరు పేరు దానికి 1878లో పెట్టిరి. రాయలసీమను పీడించిన ఆ కరవు చేతులతోనే ఆ నీటిబాట పూర్తియైనది. కట్టెలు, ఉప్పు, ధాన్యము నింపుకొని తెరచాప లెత్తిన పడవలు వరుసగా పోవుచుండెడివి. గాలి పడిపోయినచో పడవవారు గట్టునెక్కి మోకు భుజమున వేసికొని లాగుచుండిరి. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున తుఫానుల తాకిడికి కాలువ పూడి ఆ రాకపోకలు ఆగిపోయినవి. పులికాటునను యంత్రములు వచ్చి తెరచాపలు తగ్గినవి.

చెన్నపట్నమునకు ఆదిలో రేవు లేదు. ఓడ దూరమున నిలువగా, అలలను దాటి ఒడ్డు చేరుటకు మసులాపడవలే గతి. మేకులు లేకుండ పలకలను కొబ్బరినారతో కుట్టి వానిని చేసెడివారు. అల తాకినప్పుడు మేకు కొట్టిన పడవ పగులును, కుట్టిన పడవ వంగి నిలుచును. వాని వెంట మూడు నాలుగు దుంగలను కట్టిన తెప్పలపై మనుష్యులు పోవుచుండిరి. పడవ తిరుగబడినచో నీట పడినవారిని ఎత్తి తెచ్చుట వారి పని. తమిళులు కట్టుమరమని పిలుచు ఆ తెప్ప పేరే ఆంగ్లమున ‘కాటమరాన్’ అయినది. అమెరికాలో హెర్రెషాఫ్ అను శిల్పి 1876లో రెండు దోనెలను జోడించి కట్టిన పడవ న్యూయార్కు పందెమున తక్కినవానినెల్ల వెనుకవేసెను. ఓడినవారు ఓర్వలేక ఆ జాతిపడవలు పందెములకు తగవని త్రోసిపుచ్చిరి. నేడు లోకమంతట ఆ జోడుపడవలు పందెములాడుచున్నవి, వానిని మన తీరపు తెప్ప పేరనే పిలుచుచున్నారు.

ఆ చెన్నపట్నముననే 1911లో రేవు ట్రస్టు అధ్యక్షుడగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు నౌకావిహారసంఘమును స్థాపించెను. అదియే నేటి రాయల్ మద్రాసు యాట్ క్లబ్బు. ఈ దొర పేరు మీలో కొందరికి వేరొక సందర్భమున తెలిసియుండును. 1912లో రేవు కచేరిలో గుమాస్తాగా చేరిన శ్రీనివాస రామానుజమునకు సాయపడినవారిలో ఆయన ఒకడు. ఆ కాలపు సంఘములు దొరలకే. మనవారు పడవలు మోసిరి, కడిగిరి, త్రాళ్లు చుట్టిరి. కుట్టుపడవ చేయు చేతులు మనవి, పందెపుగిన్నె అందుకొను చేతులు వారివి. ఈ మాట ద్వేషముతో చెప్పుటలేదు. చరిత్ర అట్లున్నది.

ఇక నా వాదమునకు ముఖ్యసాక్ష్యము. మహాశయులారా, పూర్వకాలమున తుఫానుకు చిక్కి పగిలిన ఓడలు ఏ రాజు తీరమున పడిన, ఆ సరకు ఆ రాజు సొత్తు. ఇది మన దేశముననే కాదు, అనేక దేశములలో నుండిన ఆచారము. గాలి కొట్టినవానిని రాజును కొట్టుట! కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున ఒక శిలాస్తంభముపై శాసనము చెక్కించెను. దాని భావము నా మాటలలో చెప్పెదను. ద్వీపద్వీపాంతరములకు పోవు వర్తకుల ఓడలు గాలివానకు విరిగి ఒడ్డునకు కొట్టుకొని వచ్చినచో, పూర్వరాజులు వారి బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా గైకొనుచుండిరి. ప్రాణములకు తెగించి సముద్రమున దిగినవారియెడ దయగలిగి, కీర్తిని ధర్మమును కోరి, మేము నిర్ణీతమైన సుంకము తప్ప తక్కిన సర్వమును వారికే విడుచుచున్నాము అని. ఆ సుంకమును ముప్పదింట ఒకటి యని నిర్ణయించెను. తరువాత 1358లో కొండవీటి అనపోతరెడ్డి అదే మోటుపల్లిలో అట్టి అభయమునే మరల ప్రకటించెను.

ఈ శాసనమును బడిలో వర్తకాభివృద్ధి అను శీర్షిక క్రింద పాఠముగా చెప్పుదుము. నేనును ముప్పది యేండ్లు అట్లే చెప్పితిని. అది సరియే. కాని దానిలో అంతకు లోతైన ధర్మ మొకటి కలదు. నీట ఆపద పొందినవాడు పోటీదారు కాడు, పరదేశి కాడు, రక్షింపదగినవాడు మాత్రమే అనునది ఆ ధర్మము. నేడు లోకమునందలి తెరచాపపందెము లన్నిటికి ఒకే నియమగ్రంథము కలదు. దానిలో ప్రప్రథమసూత్రము గెలుపును గూర్చినది కాదు. ఆపదలో నున్న మనిషికిగాని పడవకుగాని శక్తికొలది సాయము చేయవలెననునదే తొలి సూత్రము. మోటుపల్లి స్తంభమును, ఈ గ్రంథపు మొదటిపుటయు ఒకే మాట చెప్పుచున్నవి.

ఆ సూత్రము పుస్తకమున నుండిపోలేదు. 1988 సెప్టెంబరు 24వ తేదీన సియోలు ఒలింపిక్సులో భాగముగా పూసాను సముద్రమున పందెములు జరుగుచుండెను. కెనడా దేశీయుడగు లారెన్సు లెమ్యూ తన తరగతి పందెమున రెండవ స్థానమున పోవుచుండెను. గాలి హఠాత్తుగా రేగి సముద్రము అల్లకల్లోలమైనది. వేరొక పందెములోని సింగపూరు పడవ బోర్లపడి ఇరువురు నావికులు నీట చిక్కుకొనిరి. లెమ్యూ తన దారి విడిచి, వారిని తన పడవలోనికి లాగి, రక్షక నౌక వచ్చువరకు కాచి, వారి నప్పగించి, మరల పందెమున కలిసెను. అప్పటికి ఇరువదిరెండవ స్థానమునకు దిగజారెను. న్యాయనిర్ణేతలు అతనికి ఆ పందెమున రెండవ స్థానమునే తిరిగి యిచ్చిరి. పతకము రాలేదు. కాని క్రీడాధర్మమునకు గుర్తుగా నిచ్చు కూబర్టిన్ పతకము అతనికి లభించినది. ఆ ఒలింపిక్సున ఆ తరగతిలో పతకములు గెలిచిన వారి పేర్లు నాకు జ్ఞప్తియందు లేవు. లెమ్యూ పేరు మరవలేదు.

ఇంతవరకు చరిత్ర చెప్పితిని. ఇక నాది యొక లోపము చెప్పవలసియున్నది. నేను ఉపాధ్యాయుడనై చేరిన తొలి సంవత్సరములలో, చిత్తూరు జిల్లాలో ఒక పల్లెయందు ఉంటిని. చాల యేండ్లకు మంచి వాన కురిసి ఊరిచెరువు నిండినది. నిండిన చెరువు మా సీమలో పండుగ. పిల్లలు అరటిబోదెలు కట్టి తెప్పలు చేసికొని, పైపంచలను గాలికి ఎత్తిపట్టి, ఎవరి తెప్ప ముందు పోవునో అని పందెము కట్టిరి. కట్టమీద నిలిచి నేనును సంతసించితిని. నడుమ ఒక తెప్ప విడిపోయినది. దానిపైనున్న నా శిష్యుడు, తొమ్మిదవ తరగతి బాలుడు, మునిగిపోయెను. కట్టపై ముప్పదిమంది యుంటిమి. ఒక్కరికిని ఈత రాదు. చెరువు నిండుటయే అరుదైన ఊరిలో ఈత ఎవరు నేర్తురు? ఆవలి గట్టున మేకలు కాచుకొను ముసలివాడు పరుగెత్తివచ్చి దూకెను. పైకి తెచ్చెను. కాని అప్పటికే కాలాతీతమైనది.

నేను బాల్యముననే అమరకోశము వల్లించినవాడను. అందలి వారివర్గమున నీటికి ఇరువదికి పైగా పేర్లు గలవు. పడవకు, తెప్పకు, తెడ్డునకు, చుక్కానికి, కొయ్యకు వేర్వేరు పర్యాయపదములు గలవు. అవన్నియు నాకు వచ్చును. ఆ దినమున కట్టపై నిలిచినప్పుడు తెలిసినది, నాకు నీటి పేర్లు తెలియును కాని నీరు తెలియదని. ఆ బాలుని తల్లి నన్ను నిందింపలేదు. “అయివారూ, మీరు మాత్రం ఏం చేస్తారు” అనెను. ఆ మాట నేటికిని నా చెవులలో నున్నది.

విశ్రాంతి పొందిన పిదప మా అమ్మాయి యింటికి హైదరాబాదు పోయినప్పుడు, ఒక శ్రావణమాసపు ఉదయమున హుస్సేనుసాగరపు గట్టున నడచుచుంటిని. ఆ చెరువు 1562 ప్రాంతమున ఇబ్రహీము కుతుబుషా కాలమున, హుస్సేనుషావలీ పర్యవేక్షణలో కట్టబడినది. నైరుతిగాలి వీచు ఆ నెలలే అచ్చటి తెరచాపలకు ఋతువు. సైనికుల సంఘమువారు ఏటేట అచ్చట పందెములు జరుపుదురు. 2009లో స్థాపింపబడిన హైదరాబాదు యాట్ క్లబ్బువారు వర్షఋతువు పందెముల నడపుచు, ప్రభుత్వ పాఠశాలలలోను, గురుకులములలోను చదువు పేదపిల్లలను చేరదీసి నావికవిద్య నేర్పుచున్నారు. ఆ దినమున నీటిపై పదుల సంఖ్యలో చిన్నచిన్న తెల్లని తెరచాపలు కొంగలవలె ఒరుగుచుండెను.

ఆ పిల్లల పడవలకు ఆప్టిమిస్టు అని పేరు. దాని కథయు వినదగినది. 1947లో అమెరికాలో ఫ్లారిడా యందలి క్లియర్‌వాటరు ఊరిలో, బిడ్డలు తక్కువ వ్యయముతో పందెములాడుకొనుటకు వీలుగా ఒక పడవ కావలెనని సేవాసంఘమువారు తలచిరి. క్లార్కు మిల్సు అను పడవలు కట్టువాడు పలుచని అట్టచెక్క పలకలతో, ముక్కు లేని పెట్టె వంటి పడవను కల్పించి యిచ్చెను. పొడవు ఎనిమిది అడుగులకు లోపు. తెరచాప ఒక్కటియే. ధనికుల ఆటగా పేరుపడిన విద్యలోనికి పేదపిల్లలు ప్రవేశించిన వాకిలి ఇదియే.

నేను నిలిచి చూచుచుండగా, పదిపండ్రెండేండ్ల బాలిక యొకతె ఒంటికి తేలుడుచొక్కా తొడిగికొని, తన పడవను తానే కావలెనని బోర్లద్రోసినది. నా గుండె జల్లుమన్నది. ఆమె నీట మునిగి, పైకి తేలి, పడవ అడుగున నున్న పలకపై కాలుంచి, వెనుకకు వ్రాలి, దానిని మరల నిలువబెట్టి ఎక్కి కూర్చుండినది. దూరమున మోటారుపడవలో నున్న యువకుడు చూచుచునే యుండెను కాని చేయి వేయలేదు. ఒడ్డునకు వచ్చిన పిమ్మట, “ఏమమ్మా, అట్లేల చేసితివి?” అని యడిగితిని. “ముందుగాల గదే నేర్పిస్తరు తాతా. పడుడు నేర్చుకున్నంక నడుపుడు” అని నవ్వి పోయినది.

ఆ యువకుని అడుగగా వివరము తెలిసినది. ఈతయు, బోర్లపడిన పడవను సరిచేయుటయు, ఇతరులను నీటనుండి తీయుటయు వచ్చిన తరువాతనే పందెము. అతడు నాలుగేండ్ల క్రిందట అక్కడనే నేర్చినవాడట. ఆ దినమున పందెము అతనికి లేదు, కావలి వంతు అతనిది. మధ్యాహ్నము అందరు ఒక చెట్టుక్రింద కూర్చుండి పులిహోర పంచుకొని తినిరి. గెలిచినవారును, ఓడినవారును, కావలి కాచినవారును ఒకే బంతిని కూర్చుండిరి. నాకును ఒక విస్తరి వేసిరి. నేను తింటిని కాని ముద్ద దిగుట కొంత కష్టమైనది. మా ఊరి కట్టమీద ఆ దినమున ఇట్టి పిల్ల యొకతె యుండినచో అని తలచితిని.

చెరువులవలన నావికులు పుట్టుదురా యని సందేహింతురేమో. 2023లో చీనాదేశపు హాంగ్‌చౌ ఆసియా క్రీడలలో బాలికల తెరచాపపందెమున రజతపతకము గెలిచిన నేహా ఠాకుర్ మధ్యప్రదేశపు దేవాసు ప్రాంతపు రైతుబిడ్డ. ఆమె అభ్యసించినది సముద్రమున కాదు, భోపాలు చెరువున. ఆ చెరువును భోజరాజు కట్టించెనని ప్రతీతి. ఆ భోజుని పేరనే ప్రసిద్ధమైన యుక్తికల్పతరువను గ్రంథమున ఓడల భేదములు వర్ణింపబడియున్నవి. గ్రంథమున ఓడలు, చెరువున నీరు, ఈ రెండును తొమ్మిది వందల యేండ్లు వేర్వేరుగా నుండి, ఒక రైతుబిడ్డ చేతి చుక్కానియందు కలిసినవి. ఆ క్రీడలలోనే కాంస్యపతకము గెలిచిన విష్ణు శరవణను మన చిత్తూరునకు పొరుగైన వేలూరున పుట్టినవాడు. అతడు టోక్యో, ప్యారిసు ఒలింపిక్సు రెండింటను మన దేశము పక్షమున పడవ నడపెను.

ఇక మన ఊరి విషయము. నీటిపై ఉత్సవము మనకు కొత్త కాదు. తిరుమల స్వామిపుష్కరిణి నడుమ నీరాళిమండపమును చంద్రగిరి ప్రభువగు సాళువ నరసింహుడు 1468లో కట్టించెను. ఏటేట ఫాల్గుణ పూర్ణిమతో ముగియునట్లు అయిదు దినములు అచ్చట తెప్పోత్సవము జరుగుచున్నది. మొదటిదినము సీతారాములు, రెండవదినము రుక్మిణీకృష్ణులు, తక్కిన మూడు దినములు దేవేరులతో మలయప్పస్వామి తెప్పనెక్కి విహరింతురు. ఆ మూడు దినములలో ప్రదక్షిణములు మూడు, అయిదు, ఏడుగా పెరుగును. అచ్చట పందెము లేదు. స్వామితో పందెము వేయువారెవరు? కాని ఋతువున్నది, కూడిక యున్నది, ప్రసాదమున్నది, వేతనము కోరని సేవకులున్నారు. కావున ఆ సంఘముల స్వభావమున మనకు పరాయిది ఏదియు లేదు. లేనిది ఒక్కటే. ఒడ్డున నిలిచి చేతులు జోడించుట మనకు వచ్చును, నీటిలో దిగి చేయి అందించుట రాదు.

కల్యాణి ఆనకట్ట వంటి త్రాగునీటి జలాశయములలో క్రీడలు పెట్టుమని నేను కోరను. ప్రతి ఊరికి పడవలసంఘము కావలెనని కూడ అనను. నా కోరిక చిన్నది. చెరువు నిండిన ఏట, ప్రతి ఊరను పదిమంది పిల్లలకు ఈత నేర్పుడు. కట్టమీద ఒక పొడుగైన మోకును, గాలి నింపిన రెండు చక్రపు ట్యూబులను ఉంచుడు. సెలవుదినములలో కావలికి వంతులు వేసికొనుడు, పులికాటు పల్లెకారులు పాడునకు చీట్లు వేసికొనినట్లు. ఆడపిల్లలను ఒడ్డున నిలుపకుడు. పిమ్మట తెప్పలు కట్టుకొని, పైపంచలు తెరచాపలుగా ఎత్తి, పందెములాడుకొనుడు. గెలిచినవానికి కొబ్బరికాయ యిండు. కావలి కాచినవానికి రెండిండు.

నా మాట నేను చెల్లించుకొంటిని. అరువదిమూడవ యేట, తిరుపతిలో పసిపిల్లల నడుమ నిలిచి, కాళ్లు వణకుచుండగా నేనును ఈత నేర్చితిని. నేర్పినవాడు నా పూర్వశిష్యుడు. “అయివారూ, భయపడొద్దండి, నేనుండాను గదా” అని ఆ కుర్రవాడు నా గడ్డము క్రింద చేయి పెట్టి నిలిపెను. అభయశాసనమునకు అంతకుమించిన వ్యాఖ్యానము నేను ఏ గ్రంథమునను చదువలేదు.

గణపతిదేవుని స్తంభముపై అక్షరములు ఏడువందల ఎనుబది యేండ్లుగా నిలిచియున్నవి. ఆ అక్షరములు చదువుటతో మన పని ముగియదు. మన ఊరిచెరువు కట్టపై, వచ్చు వానకాలమునకు ముందే, ఆ అభయమును మరల ఒకమారు, మోకుతోను, ఈతతోను, వ్రాయవలసియున్నది.